పొట్టు గుట్టలు ఎరువయ్యే దారి

ప్రశ్న: కోనసీమలో మాకు కొబ్బరి పీచు మిల్లు ఉంది. వెనక పొట్టు గుట్టలుగా పేరుకుపోయింది. వాన పడితే ఎర్రటి నీళ్లు కాలువలో కలుస్తున్నాయని ఊళ్లో గొడవ. కొంత పొట్టు తోటలో వేస్తే అరటి ఆకులు పసుపెక్కాయి. దీన్ని ఎరువుగా మార్చుకోవడం ఎలా?

జవాబు: పచ్చి పొట్టులో నత్రజని ఒక పాలైతే కార్బన్ నూరు పాళ్లకు పైనే. అంత కార్బన్‌ను కుళ్లబెట్టడానికి నేలలోని సూక్ష్మజీవులు అక్కడున్న నత్రజనిని తామే వాడేసుకుంటాయి, పంటకు మిగలదు. మీ అరటి పసుపెక్కింది అందుకే. పొట్టులో లిగ్నిన్ (చెక్కకు గట్టిదనమిచ్చే పదార్థం) 30 శాతం దాకా ఉంటుంది కనుక గుట్ట ఏళ్లు గడిచినా చివకదు. కాలువలో కలిసే ఎరుపు పొట్టులోని వగరు పదార్థాలైన టానిన్లది.

లిగ్నిన్‌ను తినగలిగే వాటిలో ముత్యపుచిప్ప పుట్టగొడుగుల శిలీంధ్రం ఒకటి. కోయంబత్తూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం చెప్పిన పద్ధతిలో టన్ను పొట్టుకు 5 కిలోల యూరియా, 300 గ్రాముల స్పాన్ (పుట్టగొడుగు విత్తనం) సీసాలు ఐదు చాలు. నీడలో 5 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు చదును చేసి, పీచు పోగులు ఏరేసిన పొట్టు 100 కిలోలు పరవండి. దానిపై ఒక సీసా స్పాన్. మళ్లీ 100 కిలోల పొట్టు, దానిపై కిలో యూరియా. ఇదే వరుసలో టన్ను పూర్తి చేయండి. యూరియా, స్పాన్ ఒకే పొరలో పడితే శిలీంధ్రం దెబ్బతింటుంది.

ఎక్కువమంది బోల్తా పడేది నీళ్ల దగ్గర. ఎండిన పొట్టు మీద నీళ్లు జారిపోతాయి. పైన తడిసినట్టే కనిపిస్తుంది, లోపల దుమ్ము లేస్తుంది. అందుకే పొర వేసినప్పుడల్లా తడుపుతూ కలపాలి. గుప్పెడు తీసి గట్టిగా పిండితే వేళ్ల సందున ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే తడి ఎక్కువైనట్టే. గాలి ఆడక కుళ్లు వాసన వేస్తుంది, తిరగేసి ఆరనివ్వండి. ఘాటుగా అమ్మోనియా వాసన వస్తే యూరియా ఎక్కువైంది. ఎండ తగిలే చోట మాత్రం మొదలుపెట్టకండి, స్పాన్ చచ్చిపోతుంది.

నెల నుంచి రెండు నెలల్లో పొట్టు నల్లబడి, గుట్ట కుంగి, మట్టి వాసన వస్తుంది. నత్రజని ఒక పాలుకు కార్బన్ 24 పాళ్ల దగ్గరికి దిగుతుంది. ఇందులో కొంత యూరియా వల్ల తగ్గితే, మిగతాది శిలీంధ్రం పని. తొందరపడి సగం మాగింది వేస్తే మళ్లీ అదే పసుపు. అనుమానముంటే ఒక కుండీలో పెసలు చల్లి, మొలకలు పసుపెక్కుతాయేమో చూడండి. కొబ్బరి చెట్టుకు 10 కిలోలు పాదులో వేయవచ్చు.

గుట్ట చుట్టూ గట్టు వేసి, కారే నీటిని గుంటలోకి మళ్లించి తిరిగి గుట్ట మీదే చల్లండి. కాలువ గొడవా తీరుతుంది.

ప్రశ్న: కడియంలో నర్సరీ మాది. కొత్తగా కొన్న కోకోపీట్‌లో (కొబ్బరి పొట్టులో) నాటిన మొక్కల ఆకుల అంచులు మాడుతున్నాయి.

జవాబు: ఉప్పు పని కావచ్చు. మంచినీటిలో నానబెట్టి వడకట్టండి. ఈసీ (నీటిలో ఉప్పెంతో చెప్పే విద్యుత్ వాహకత) సెంటీమీటరుకు 0.5 మిల్లీసీమెన్స్ లోపు వచ్చేదాకా నీరు మార్చండి. ఉత్త నీటితో పొట్టుకు అంటుకున్న సోడియం, పొటాషియం పూర్తిగా పోవు. చివరిసారి కాల్షియం నైట్రేట్ కలిపిన నీటిలో నానబెట్టి, మరోసారి కడగండి. ఉప్పునీటి బావి ఉన్నవాళ్లు వాననీరు పట్టుకుని వాడుకోవాల్సిందే.