సొరబుర్రతో గద, వాష్‌బేసిన్ పైపుతో వెలుగు కత్తి
(చేతిపని శీర్షిక: పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ప్రశ్న: మా మేనల్లుడు ఠాకురాణి అమ్మవారి యాత్రలో ఘటోత్కచుడి వేషం వేస్తానని మొక్కుకున్నాడు. ‘మాయాబజార్’లో ఎస్.వి. రంగారావు గారి చేతిలో ఉన్నటువంటి గద కావాలని పట్టుబట్టాడు. వడ్రంగి చేత చేయించిన చెక్క గద నాలుగు కిలోలు తూగింది. చైత్రమాసపు ఎండలో దానిని మోస్తూ వీధులు తిరగడం కుర్రవాడి వల్ల కాదు. ఇంట్లోనూ, హార్డ్‌వేర్ దుకాణంలోనూ దొరికే వాటితో తేలిక గద చేసుకోవచ్చునా?
– ఒక గృహిణి, బరంపురం

జవాబు: తప్పకుండా చేసుకోవచ్చునమ్మా. గద తలకు మీరు వెతకవలసిన వస్తువు బాగా ఎండిన ఆనపకాయ బుర్ర. కోరాపుట్ కొండల్లో గిరిజనులు అంబలి పోసుకొని పొలాలకు పట్టుకుపోయే సొరబుర్రలను మీరు చూసే ఉంటారు. అది ఎంత తేలికో, ఎంత గట్టిదో వేరే చెప్పనక్కరలేదు. ఊపితే లోపల గింజలు గలగలలాడే బుర్రను ఎంచుకొని, పైనున్న నున్నటి పొర పోయేదాకా ఉప్పుకాగితంతో రుద్దండి. ఆ పొర ఉంటే జిగురు పట్టదు. ఆ తరువాత బుర్రకు పైనా కిందా రంధ్రాలు చేసి, 25 మిల్లీమీటర్ల పీవీసీ పైపును దూర్చి, సందులను రంపపు పొట్టు కలిపిన ఫెవికాల్‌తో నింపండి. చింతగింజల పిండినీ రంపపు పొట్టునూ కలిపి కొండపల్లి బొమ్మల వారు వాడే మక్కు కూడా ఈ పనికి చక్కగా ఒదుగుతుంది. కరిగించి అంటించే గ్లూ కడ్డీలను మాత్రం అతుకుల దగ్గర వాడవద్దు; మీ ఊరి ఎండకు ఆ జిగురు మెత్తబడి, ఊరేగింపు మధ్యలో తల ఊడి చేతికి వస్తుంది.

బుర్ర మీద మైదా జిగురుతో వార్తాపత్రిక ముక్కలను నాలుగు వరుసలు అతికించండి. కాగితాన్ని కత్తెరతో కత్తిరించకుండా చేత్తో చించితే అంచులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి గీతలు కనిపించవు. జిగురులో చిటికెడు మైలుతుత్తం వేస్తే పురుగు పట్టదు కానీ, అది విషం కనుక పిల్లల చేతికి ఇవ్వకండి. ఒక వరుస పూర్తిగా ఆరిన తరువాతే మరొకటి వేయాలి. గద చుట్టూ తిరిగే పట్టీలకు జనపనార తాడును ఫెవికాల్‌లో ముంచి చుట్టండి. పూలు, లతలు కావాలంటే ఫెవికాల్‌లో సుద్దపొడిని చిక్కగా కలిపి, గోరింటాకు కోన్ వంటి పొట్లంలో నింపి, చేత్తో ముగ్గు వేసినట్టు వేయండి. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ను నలుపు తెలుపులో తీశారు. తెర మీద ఆభరణాలకూ ఆయుధాలకూ నిండుతనం తెచ్చినది రంగు కాదు, ఎత్తుపల్లాల మీద పడిన వెలుగునీడలు. కాబట్టి పట్టీలను లావుగా, ధారాళంగా వేయండి. సన్నని నగిషీ పది అడుగుల దూరానికే కనపడకుండా పోతుంది.

ఇక అసలు పని మొదలవుతుంది. చాలామంది ఇక్కడే తొందరపడి బంగారు రంగు డబ్బా తెరుస్తారు. దయచేసి ఆగండి. పలుచటి లప్పాన్ని రెండు సార్లు పూసి, మొదట 120 నంబరు, తరువాత 220 నంబరు ఉప్పుకాగితంతో, కళ్ళు మూసుకొని తడిమినా గరుకు తగలనంత వరకు రుద్దండి. పర్లాకిమిడి కొమ్ముబొమ్మల నిగనిగను ఎప్పుడైనా దగ్గరగా చూశారా? అది పూసిన రంగుతో వచ్చినది కాదు, అరగదీసి మెరుగుపెట్టడం వలన వచ్చినది. కాగితాన్ని లోహమని కన్ను నమ్మాలంటే దాని మీద కాగితపు ముడత ఒక్కటి కూడా మిగలకూడదు. నేను చూసిన గదలలో సగానికి సగం ఈ ఒక్క మెట్టును దాటవేసినందువల్లనే అట్టముక్కలుగా మిగిలిపోయాయి.

నునుపు వచ్చాక, తలుపు ఊచలకు పూసే రెడ్ ఆక్సైడ్‌ను అస్తరుగా (అడుగు పూతగా) వేసి, అది ఆరాక బంగారు రంగు వేయండి. తెల్లటి అస్తరు మీద బంగారు రంగు పాలిపోయినట్టు ఉంటుంది. ఎర్రమట్టి రంగు మీద దానికి వెచ్చదనం వస్తుంది. చివరగా ముదురు గోధుమరంగును నీళ్ళలా పలుచన చేసి అంతటా పూసి, వెంటనే పాత గుడ్డతో తుడిచివేయండి. పల్లాల్లో మిగిలిన ఆ చీకటి వల్ల నిన్న చేసిన గద తాతలనాటిదిగా కనిపిస్తుంది.

ప్రశ్న: 1977 నాటి ‘స్టార్ వార్స్’ చిత్రంలోని లైట్‌సేబర్ (వెలుగు కత్తి) పిడిని చేయాలని ఉంది. విదేశాల నుంచి తెప్పించే నమూనాలు కొనగలిగే స్తోమత లేదు. సామాన్య వస్తువులతో చేస్తే చవకబారుగా ఉంటుందేమోనన్న సంకోచం కూడా ఉంది. కొలతలు ఎలా తెలుసుకోవాలి?
– డిప్లొమా విద్యార్థి, పర్లాకిమిడి

జవాబు: సంకోచం వదిలేయండి. సినిమాలో వాడిన అసలు పిడిని కూడా సామాన్య వస్తువులతోనే చేశారు. ఆ చిత్రానికి సెట్ డెకరేటర్‌గా పనిచేసిన రోజర్ క్రిస్టియన్, పాత ప్రెస్ కెమెరాల ఫ్లాష్‌కు వాడే గ్రాఫ్లెక్స్ కంపెనీ పిడిని లండన్‌లోని ఒక ఫొటో సామాన్ల దుకాణంలో సంపాదించి, దానికి నల్లటి పట్టీలను సూపర్ గ్లూతో అంటించి, క్యాలిక్యులేటర్‌లోని బుడగల వంటి ప్లాస్టిక్ ముక్కను ఒకచోట బిగించారు. ఆ చిత్ర కళాబృందంలో ఒకరిగా ఆయన ఆస్కార్ కూడా అందుకున్నారు. అంటే మీరు చేయబోయేది చవకబారు అనుకరణ కాదు, ఆయన నడిచిన దారిలోనే నడవడం.

వాష్‌బేసిన్ కింద బిగించే 32 మిల్లీమీటర్ల క్రోమ్ వేస్ట్ పైపును కొనండి. అసలు పిడి కంటే అది కొద్దిగా సన్నగా ఉన్నా, చేతిలో పట్టుకుంటే ఆ తేడా తెలియదు. క్రోమ్ మెరుపు సిద్ధంగా ఉంటుంది కనుక లప్పం పని కూడా తప్పుతుంది. నల్ల పట్టీలకు పాత వైపర్ రబ్బరు గానీ, కిటికీ అద్దాలకు వాడే రబ్బరు బీడింగ్ గానీ సరిపోతుంది. క్రోమ్ మీద జిగురు నిలవదు. పట్టీ వచ్చే చోట మాత్రమే గరుకు చేసి, కనిపించే చోటును ముట్టుకోకండి.

కొలతలకు సినిమా బొమ్మలో నటుడి పిడికిలినే కొలబద్దగా తీసుకోండి. బొమ్మలో నాలుగు వేళ్ళ వెడల్పు ఎంత, పిడి పొడవు ఎంత అని కొలిచి, ఆ నిష్పత్తిని మీ బెత్తెడుతో గుణించండి. వస్తువు కెమెరాకు ఏటవాలుగా ఉంటే పొట్టిగా కనిపిస్తుంది కాబట్టి, కనీసం మూడు బొమ్మలు కొలిచి, పెద్దదిగా వచ్చిన లెక్కను నమ్మండి.

ఒక హెచ్చరిక. వెలుగు కోసం పాడైన ట్యూబ్‌లైటును బిగించాలని చాలామంది కుర్రవాళ్ళకు అనిపిస్తుంది. అందులో పాదరసం ఉంటుంది, గాజు పగిలితే గాయమూ అవుతుంది. ఆ ఆలోచనే వద్దు. సినిమాలో సైతం ఆ కాంతిని షూటింగ్ అయ్యాక ఒక్కొక్క ఫ్రేముకు విడిగా చేర్చారు. పిడి ఒక్కటే శ్రద్ధగా చేయండి, చాలు.

ప్రశ్న: పాఠశాల వార్షికోత్సవానికి థర్మోకోల్‌తో కిరీటం చెక్కాము. స్ప్రే రంగు కొట్టగానే అది గుంటలు పడి కరిగిపోయింది. కారణం ఏమిటి?
– ఉపాధ్యాయురాలు, రాయగడ

జవాబు: స్ప్రే డబ్బాలోని ద్రావకం థర్మోకోల్‌ను కరిగిస్తుంది. మళ్ళీ చెక్కినప్పుడు ఫెవికాల్‌తో రెండు వరుసల కాగితం అతికించి, ఎక్కడా తెల్లదనం బయటికి కనిపించకుండా మూసివేసి, గోడలకు వేసే నీటి రంగును కుంచెతో పూయండి. రెడ్ ఆక్సైడ్‌కు కూడా ఇదే ప్రమాదం ఉంది కనుక, పైన గదకు చెప్పిన అస్తరును దీనికి వాడకండి.

ప్రశ్న: వానాకాలంలో నల్ల స్ప్రే వేసిన కవచం మీద తెల్లటి మసక వచ్చింది. తుడిస్తే పోవడం లేదు.
– ఒక పాఠకుడు, గుణుపురం

జవాబు: రంగులోని ద్రావకం వేగంగా ఆవిరైనప్పుడు పూత చల్లబడి, గాలిలోని తేమ దాని మీద చేరుతుంది. మీ మసక అదే. పొడి ఎండ కాసే రోజు వరకు ఆగి, 600 నంబరు నీటి ఉప్పుకాగితంతో తేలికగా రుద్ది, బాగా ఆరనిచ్చి, మధ్యాహ్నం పూట పలుచగా మరొక పూత వేయండి.