ఫైబర్ వంతెనలు కట్టాలనుకునే అమ్మాయికి ఏ ఎంటెక్ మేలు?

ప్రశ్న: మా అమ్మాయి సివిల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. ఫైబర్ కాంపోజిట్లతో (గాజు పోగుల్లాంటివాటిని రెసిన్ అనే జిగురుతో అతికించి చేసే పదార్థాలతో) పాదచారుల వంతెనలు కట్టే రంగంలోకి వెళ్తానంటోంది. స్ట్రక్చరల్ ఎంటెక్ మంచిదా, కాంపోజిట్స్ ఎంటెక్ మంచిదా? లేక ఇప్పుడే సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్పించమంటారా?
– ఒక తండ్రి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: మీ అసలు భయమంతా చివరి వాక్యంలోనే ఉంది. సివిల్ చదివిన పిల్ల స్థిరపడుతుందా అన్నదే మీ దిగులు. తప్పకుండా స్థిరపడుతుందండీ. కట్టడం బరువును లెక్కగట్టగలిగిన మనిషికి హైదరాబాద్‌లో పని కరవు కాదు.

ఆమె ఆశ కూడా గాలిలోది కాదు. స్కాట్లాండ్‌లోని అబర్‌ఫెల్డీలో టే నది మీద 1992లోనే 113 మీటర్ల ఫైబర్ కాలివంతెన కట్టారు. దాన్ని బిగించడంలో డండీ విశ్వవిద్యాలయ విద్యార్థులు పాలుపంచుకున్నారు. గ్లాస్ ఫైబర్ కాంపోజిట్ ఉక్కు బరువులో సుమారు నాలుగో వంతే ఉంటుంది, తుప్పు పట్టదు. అయితే దాని బిగువు, అంటే బరువు పడినా వంగకుండా నిలిచే గుణం, ఉక్కులో దాదాపు పదో వంతు మాత్రమే కాబట్టి, వంతెన విరుగుతుందా అన్నదానికంటే మనుషులు నడిచేటప్పుడు ఎంత వంగుతుంది, ఎంత ఊగుతుంది అన్నదే డిజైన్‌ను శాసిస్తుంది. పైగా ఉక్కు తెగే ముందు సాగి హెచ్చరిస్తుంది, ఇది అలా సాగదు. అందుకే బోల్టు కోసం వేసే ఒక్కొక్క రంధ్రం దగ్గరా ఎంతో జాగ్రత్త కావాలి.

ఇదంతా స్ట్రక్చరల్ ఇంజినీరింగే. కాబట్టి స్ట్రక్చరల్ ఎంటెక్ చేసి, కాంపోజిట్లను ఎలక్టివ్‌గా, ప్రాజెక్టుగా తీసుకోవడం మేలు. కేవలం కాంపోజిట్ వంతెనలనే నమ్ముకోవడం మీద నాకు సందేహాలున్నాయి. 2023లో ప్రారంభమైన మన ఉప్పల్ స్కైవాక్ కూడా ఉక్కుదే. 'భవిష్యత్తు పదార్థం' అన్న ప్రకటన చూసి సర్టిఫికెట్ కోర్సులకు లక్షలు కట్టకండి. చేతిలో పునాది లేని సర్టిఫికెట్ ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే తేలిపోతుంది.

మీతో ఒక మాట కఠినంగానే చెప్పాలి. మూడేళ్లు ఇష్టంగా చదివిన పిల్లను పక్కింటి అబ్బాయి జీతం చూసి దారి మళ్లించడం అన్యాయం. ఆమెను అడగకుండా సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టిట్యూట్‌కు అడ్వాన్సు కట్టి ఉంటే, వెళ్లి వెనక్కి అడగండి.

ఈ సెలవుల్లో ఆమెను జీడిమెట్ల వైపు ఫైబర్ అచ్చులు పోసే ఏదైనా షెడ్డుకు నెల రోజులు పంపించండి. గ్లాస్ మ్యాట్ మీద రెసిన్ పూసి, గాలి బుడగ మిగలకుండా రోలర్‌తో నొక్కడం ఎంత ఓపిక పనో చేతులతో తెలుసుకోవాలి. ఆ ఘాటు వాసనా, చర్మం మీద దురదా భరించి వచ్చాక కూడా వంతెనల గురించే మాట్లాడితే, చివరి సంవత్సరం ప్రాజెక్టును ఆమెనే ఎంచుకోనివ్వండి.