టెస్టోస్టెరాన్ రిపోర్ట్ రెండు ల్యాబుల్లో రెండు రకాలుగా వస్తే ఏది నమ్మాలి?

మీ చెల్లెలికి మామూలు ల్యాబ్‌లో టెస్టోస్టెరాన్ డెసిలీటరుకు 96 నానోగ్రాములని, ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్ (కాలమ్‌లో విడదీసి, మాస్ స్పెక్ అనే మెషీన్‌తో బరువునుబట్టి గుర్తించే) పద్ధతిలో 41 అని వచ్చిందన్నారు. రెండోదే నమ్మండి. ఆడవాళ్ల శాంపిల్ అయితే ఈ మాట పెద్దగా ఆలోచించకుండానే చెబుతాను. హైదరాబాద్‌లో ఒక డయాగ్నోస్టిక్ ల్యాబ్‌లో కొన్నేళ్లుగా నా పని ఈ మెషీన్ మీదే.

మొదటి రిపోర్ట్‌లో మెథడ్ దగ్గర సీఎల్ఐఏ అనో, ఈసీఎల్ఐఏ అనో ఉంటుంది చూడండి, రెండూ ఇమ్యునోఅస్సేలే. అందులో హార్మోన్‌ను పట్టుకునేది యాంటీబాడీ. స్టెరాయిడ్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి కాబట్టి అది ఒక్కోసారి పక్కవాటిని కూడా పట్టేస్తుంది. మగవాళ్లలో డెసిలీటరుకు దాదాపు 300 నుంచి 1000 దాకా ఉంటుంది, కాస్త అటూ ఇటూ అయినా తెలియదు. ఆడవాళ్లలో ఉండేదే సుమారు 15–70. అక్కడ డీహెచ్ఈఏ సల్ఫేట్ లాంటి ఇంకో స్టెరాయిడ్ కొంచెం కలిసినా లెక్క తారుమారే.

మా మెషీన్ బరువు చూస్తుంది. టెస్టోస్టెరాన్ 288, ప్రోటాన్ చేరితే 289. దాన్ని గ్యాస్‌తో ఢీకొట్టిస్తే 97, 109 ముక్కలు వస్తాయి. అయితే బరువొక్కటే చూస్తే మోసపోతాం. డీహెచ్ఈఏ కూడా 288 కదా! అది నీటిని సులువుగా వదిలేసి ఎక్కువగా 271 దగ్గర కనిపిస్తుంది కాబట్టి కొంత నయం. టెస్టోస్టెరాన్‌కు కవలలాంటి ఎపిటెస్టోస్టెరాన్ అయితే బరువూ అదే, ముక్కలూ అవే. దాన్ని విడదీసేది మెషీన్‌కు ముందున్న కాలమ్ మాత్రమే, ఒక్కో పదార్థం అందులోంచి ఒక్కో సమయానికి బయటికొస్తుంది.

అందుకే ప్రతి శాంపిల్‌లో మొదట్లోనే డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) ఉన్న టెస్టోస్టెరాన్‌ను తెలిసిన మోతాదులో కలుపుతాం. అది 292 దగ్గర కనిపిస్తుంది, కాలమ్ నుంచి మాత్రం దాదాపు అసలుదానితోపాటే బయటికొస్తుంది. టెస్టోస్టెరాన్ పీక్ (గీత పైకి లేచే చోటు) దాని సమయానికే వచ్చిందా, 97కీ 109కీ ఉన్న నిష్పత్తి స్టాండర్డ్‌లో (తెలిసిన నమూనాలో) ఉన్నట్టే ఉందా అన్నది స్క్రీన్ మీద నేను మొదట చూసేది. నిష్పత్తి తేడాగా ఉంటే కింద ఇంకేదో దాక్కున్నట్టే. ఆ రిపోర్ట్ బయటికి పోదు, మళ్లీ రన్ చేయాల్సిందే.

కార్టిసాల్ అనే మరో హార్మోన్‌కైతే ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ మందు గొడవ ఇంకోటి. అది 361, కార్టిసాల్ 363. కానీ సహజంగా ఉండే కార్బన్-13 (కాస్త బరువైన కార్బన్) వల్ల ప్రెడ్నిసలోన్‌లో కొద్ది భాగం 363లోనూ కనబడుతుంది. ఆ మాత్రలు వాడేవాళ్ల శాంపిల్‌లో కార్టిసాల్ పీక్ పక్కనే ఒక బుడిపె లేస్తుంది. కాలమ్ సరిగ్గా విడదీస్తే ఇబ్బంది లేదు. చాలా ఇమ్యునోఅస్సేలు మాత్రం రెండూ కలిపి కార్టిసాలే అంటాయి.

మీ చెల్లెలు జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వేసుకుంటోందా? పీసీఓఎస్ (అండాశయాల్లో హార్మోన్ల తేడా) అనుమానంతో వచ్చే అమ్మాయిల్లో చాలామంది వేసుకుంటారు, ఎవరూ అడగరు. బయోటిన్‌ను పట్టుకునే స్ట్రెప్టావిడిన్ అనే ప్రోటీన్ వాడే ఇమ్యునోఅస్సే కిట్లలో ఎక్కువ మోతాదు బయోటిన్ వల్ల టెస్టోస్టెరాన్ లేనిపోని ఎక్కువ చూపించొచ్చు. ఇలా ల్యాబ్ ఫలితాలు తప్పుగా రావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. మాస్ స్పెక్‌కు ఆ బెడద లేదు.

41 నార్మలే అయినా పీసీఓఎస్ లేదని దాన్నిబట్టి తేల్చకండి, పీరియడ్స్, స్కానింగ్ చూసి డాక్టరే చెప్పాలి. మళ్లీ చేయించాల్సి వస్తే ఉదయం పూట, ఇదే పద్ధతిలో చేయించండి. ఫలితాన్ని ఆ రిపోర్ట్ మీదున్న రేంజ్‌తోనే పోల్చండి, పాతదానితో వద్దు.