నాన్నగారి పెద్దకర్మ రోజున నవ్వుకోవడం తప్పా?

సరదా మనిషిగా పేరు పడిన తండ్రి పోయినప్పుడు, పెద్దకర్మ రోజున ఆయన చెప్పిన కథలు తలుచుకొని నవ్వితే ఆయనను అగౌరవపరిచినట్లా అని మీరు అడిగారు. కానే కాదు. అటువంటి మనిషిని నవ్వు లేకుండా సాగనంపడమే అగౌరవమని నా గట్టి నమ్మకం.

మాది కోనసీమలో వశిష్ఠ పాయను ఆనుకొని ఉన్న లంక గ్రామం. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులకు పైగా వరద ప్రవహించినప్పుడు, మావాళ్ళు పెంకుటింటి అటక మీద రాత్రంతా జాగారం చేశారు. ఆ రాత్రి గురించి నాన్నగారు చెప్పే కథ మా ఊళ్ళో పిల్లలందరికీ నోటికి వచ్చు. వీధిలో ఒక నులక మంచం తేలుతూ వచ్చిందట. దాని మీద ఒక చివర కోడిపుంజు, ఇంకొక చివర తాచుపాము, పెళ్ళిచూపులకు వచ్చిన వియ్యంకుల్లా మర్యాదగా కూర్చున్నాయట. "ఎందాకండీ పుంజుగారూ?" అని నాన్నగారు అడిగితే, "అంతర్వేది తీర్థానికండీ" అందట. "తీర్థం మాఘమాసంలో కదండీ, ఇది శ్రావణమేగా?" అంటే, "ముందెళ్తే మంచి చోటు దొరుకుతుందండీ, ఆయ్!" అందట. ఆ చివరి మాట చెప్పేటప్పుడు ఆయన భుజం మీది కండువా సర్దుకొని, మెడ నిక్కించి, అచ్చం పుంజులాగే కన్ను పక్కకు తిప్పేవారు.

ఆయన హాస్యం కాలక్షేపం కోసం పుట్టినది కాదు. 1996 నవంబరు 6వ తేదీ తుపానుకు మా కొబ్బరితోట దాదాపుగా నేలకూలింది. మర్నాడు పొద్దున్నే పడిపోయిన చెట్టు నుంచి బొండం కోసి మా నాయనమ్మ చేతికిస్తూ, "ఇన్నాళ్ళూ కూలిచ్చి దింపు తీయించాం, ఈసారి చెట్టే దిగి వచ్చి ఇచ్చిందమ్మా" అన్నారు. అంతవరకూ పచ్చి మంచినీళ్ళయినా ముట్టని నాయనమ్మ అప్పుడు తాగింది. ఏటా ఏటిని గుమ్మంలో చూసే లంకవాళ్ళకు వెటకారం ఇలాంటి అవసరం నుంచే అబ్బిందని నేను అనుకుంటాను.

ఇక ఆయన పెద్దకర్మ రోజున పందిట్లో ముందుగా ఉపన్యాసాలు నడిచాయి. ఆదర్శమూర్తి, అజాతశత్రువు, తీరని లోటు అంటూ ఎవరి ఫ్లెక్సీ మీదనైనా వేసుకోదగిన మాటలే అన్నీ. నాకు బాధ కలిగింది, ఎందుకంటే ఆ మాటల్లో మా నాన్నగారు ఎక్కడా లేరు. భోజనాలయ్యాక మా మేనత్త ఉన్నట్టుండి, "ఇంతకీ ఆ పుంజు అంతర్వేది చేరిందంటారా?" అంది. అంతే, పందిరంతా కదిలింది. మంచం కాదు, ట్రంకుపెట్టె అని బాబాయి; టిక్కెట్టు డబ్బులు పామే ఇచ్చిందని మా బావగారు. చావింట్లో ఈ నవ్వులేమిటని ఒక పెద్దాయన కసిరినా ఎవరూ ఆగలేదు.

అప్పుడు, ఆయన పోయిన నాటి నుంచి సరిగా నోరు విప్పని మా అమ్మ, "అది పుంజు కాదు, మన పెట్ట" అంది. ఆ రాత్రి గంపకింద ఉన్న పెంపుడు కోడి కొట్టుకుపోయిందని అక్క అటక మీద వెక్కి వెక్కి ఏడుస్తుంటే, అది తీర్థానికి వెళ్ళిందని చెప్పి నాన్నగారు ఊరుకోబెట్టారట. తెల్లవారేలోపు దానికి మంచం, పాము, మీసమున్న మగవాడి గొంతు అన్నీ వచ్చాయట. ఈ సంగతి మాలో ఎవరికీ తెలియదు. అమ్మ చెబుతూ నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది, ఆ పూట కడుపునిండా అన్నం తింది.

కాబట్టి ఆ రోజు మైకు ఉపన్యాసకుల చేతికి వెళ్ళకముందే మొదటి కథ మీరే ఎత్తుకోండి. ఎవరో ఒకరు "అలా కాదు" అని తప్పక అడ్డు తగులుతారు. వారిని పక్కన కూర్చోబెట్టుకొని మొత్తం చెప్పించుకోండి.