ప్రభుత్వ భూముల్లో తొలిసారి జింక వేట

పెన్సిల్వేనియాలో ప్రభుత్వ భూముల్లో తొలిసారి జింక వేటకు ఎలా సిద్ధం కావాలని అడిగారు. ముందు హంటర్ సేఫ్టీ కోర్సు, తర్వాత వేట లైసెన్సు. హెచ్1బీ వీసా వాళ్లకైతే ఆ లైసెన్సు లేకుండా సాధారణంగా తుపాకీ దగ్గర ఉంచుకోవడమే నేరం. రైఫిల్‌తో వేటాడే సీజన్‌లో తల, ఛాతీ, వీపు కలిపి 250 చదరపు అంగుళాల ఫ్లోరసెంట్ ఆరెంజ్ (మెరిసే నారింజ రంగు) బట్ట వేసుకోవాలి. జింకకు ఆ రంగు సరిగా తెలియదు, తోటి వేటగాడికి తెలుస్తుంది.

అసలు తలనొప్పి జనంతోనే. చాలామంది పార్కింగ్ చుట్టుపక్కలే తిరుగుతారు. అరమైలు లోపలికి నడవండి (కొట్టిన జింకను బయటికి లాక్కు రావాల్సిందీ మీరే, గుర్తుంచుకోండి). గాలి ముఖానికి తగిలేలా కూర్చోండి. మీ వాసన పసిగడితే జింక కనబడకుండానే జారుకుంటుంది. సీజన్‌కు ముందే వెళ్లి అడుగుజాడలు, పెంటికలు, కొమ్ములు రాసుకున్న చెట్లు చూసిపెట్టుకోండి.