పదో తరగతిలోనే తేల్చుకోవలసినదీ, అప్పుడే తేల్చుకోకూడనిదీ

ప్రశ్న: మాది నెల్లూరు. మా అబ్బాయి నాలుగో తరగతి పూర్తి చేసిన వేసవిలో ఉద్యోగరీత్యా బెంగళూరు వచ్చి, మారతహళ్ళిలో స్థిరపడ్డాము. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. వాడిప్పుడు సీబీఎస్‌ఈ పదో తరగతి చదువుతున్నాడు. ఇంటర్మీడియట్‌కు విజయవాడలోని ఒక రెసిడెన్షియల్ కళాశాలలో చేర్చాలని పదివేల రూపాయలు అడ్వాన్సు కట్టాము. ఇంటర్ అక్కడ చదివితే సొంత రాష్ట్రంలో లోకల్ కోటా కూడా వస్తుందని బంధువులు చెబుతున్నారు. ఆ తర్వాత ఏఐ-ఎంఎల్ (కృత్రిమ మేధ, మెషీన్ లెర్నింగ్) బ్రాంచిలోనే చేర్చాలని నిశ్చయించుకున్నాము. ర్యాంకు రాకపోతే మేనేజ్‌మెంట్ సీటు కోసం నెల్లూరులోని స్థలం అమ్మడానికి కూడా సిద్ధమే. కర్ణాటక సీఈటీ, కామెడ్‌కె, ఏపీ ఈఏపీసెట్, జేఈఈ అనే ఇంజినీరింగు ప్రవేశ పరీక్షలలో దేనిమీద దృష్టి పెట్టాలో పోల్చి చెప్పగలరు. వాడికి లెక్కలంటే ఇష్టం, కెమిస్ట్రీ అంటే పడదు. మేము ఇప్పటికే ఆలస్యం చేశామా?
— ఒక తండ్రి, బెంగళూరు

జవాబు: ఏటా సంక్రాంతికి ఊళ్ళకు వెళ్ళిన తెలుగు కుటుంబాలు తిరిగి బెంగళూరు చేరిన వారం పది రోజులలో ఈ ప్రశ్న నా దగ్గరకు తప్పకుండా వస్తుంది. పెదనాన్నగారి మనవడు ఏ కళాశాలలో చేరబోతున్నాడో, మేనత్తగారి అమ్మాయికి ఆరో తరగతి నుంచే ఫౌండేషన్ కోచింగ్ ఎలా ఇప్పిస్తున్నారో పండుగ భోజనాల దగ్గర విని వచ్చిన తల్లిదండ్రులకు, పరాయి రాష్ట్రంలో ఉండి తాము పిల్లవాడికి ఏదో లోటు చేస్తున్నామన్న దిగులు పట్టుకుంటుంది. మీరు నాలుగు పరీక్షలను పోల్చమన్నారు గానీ, మీ అసలు ప్రశ్న చివరి వాక్యంలో ఉంది. మీరు ఆలస్యం చేయలేదు. జేఈఈ మెయిన్ ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది, రెండింటిలో మెరుగైన స్కోరునే లెక్కలోకి తీసుకుంటారు, పన్నెండో తరగతి పాసైన ఏడాది నుంచి వరుసగా మూడేళ్ళు రాయవచ్చు. పదో తరగతి పూర్తికాని పిల్లవాడి విషయంలో ఆలస్యమన్న మాటకు అర్థమే లేదు. మీరు చేసిన పొరపాటు వేరు. రెండేళ్ళ తర్వాత తేల్చుకోవలసిన బ్రాంచిని ఇప్పుడే తేల్చేసుకున్నారు. ఇప్పుడే విచారించి తేల్చుకోవలసిన సంగతిని, అంటే పన్నెండో తరగతి ఏ రాష్ట్రంలో చదవాలన్నదాన్ని, బంధువుల మాట మీద వదిలేశారు.

ముందుగా లోకల్ కోటా సంగతి చూద్దాము. ఆంధ్రప్రదేశ్‌లో స్థానికత రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వును అనుసరించి నిర్ణయమవుతుంది. అర్హత పరీక్షతో, అంటే ఇంటర్‌తో, ముగిసే వరుస నాలుగు విద్యా సంవత్సరాలు ఆ ప్రాంతంలో చదివిన విద్యార్థిని స్థానికుడిగా పరిగణిస్తారు, 85 శాతం సీట్లు అటువంటి వారికే. మీ అబ్బాయి విజయవాడలో చదివేది రెండేళ్ళు మాత్రమే. అతను నెల్లూరులో చదివిన ఒకటి నుంచి నాలుగు తరగతులు ఈ లెక్కలోకి రావు. కాబట్టి మీ బంధువులు చెప్పిన లోకల్ కోటా రాదు. మిగిలిన 15 శాతం అన్‌రిజర్వ్‌డ్ సీట్లకు పోటీ పడే దారి మాత్రం ఉంది: తల్లిదండ్రులలో ఒకరు, బయట ఉద్యోగం చేసిన కాలాన్ని మినహాయించి, మొత్తం పదేళ్ళు రాష్ట్రంలో నివసించి ఉంటే పిల్లలకు ఆ అర్హత లభిస్తుంది. మీరు నెల్లూరులో పుట్టి పెరిగినవారైతే తహసీల్దారు కార్యాలయం నుంచి నివాస ధ్రువపత్రం తెచ్చుకుంటే చాలును. ఆ అర్హత మీ నివాసాన్ని బట్టి వచ్చేది, అబ్బాయి ఇంటర్ ఎక్కడ చదివాడన్నదానితో దానికి సంబంధం లేదు. బెంగళూరులో చదివినా అది అలాగే ఉంటుంది.

ఇప్పుడు కర్ణాటక వైపు చూడండి. ఇక్కడ సీఈటీ ద్వారా ప్రభుత్వ కోటా సీటు పొందాలంటే ఒకటి నుంచి పన్నెండో తరగతి లోపల కనీసం ఏడు విద్యా సంవత్సరాలు ఈ రాష్ట్రంలో చదివి, పదో తరగతి గానీ పన్నెండో తరగతి గానీ ఇక్కడే పాసై ఉండాలి. మీ అబ్బాయి ఐదో తరగతి నుంచి పదో తరగతి వరకు చదివినవి ఆరేళ్ళు. ఇంకొక్క ఏడాది కావాలి. విజయవాడకు పంపారంటే ఆరేళ్ళ దగ్గరే ఆగిపోయి ఇక్కడి అర్హత పోతుంది, అక్కడి స్థానికత రాదు. రెంటికీ చెడ్డ రేవడి అన్న సామెత ఇటువంటి పిల్లల కోసమే పుట్టిందా అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది. అతను ఇక్కడే రెండేళ్ళు చదివితే మొత్తం ఎనిమిదేళ్ళవుతాయి, ఏ సందేహమూ మిగలదు.

ఎన్ఐటీల (జాతీయ సాంకేతిక విద్యాసంస్థల) విషయంలోనూ పన్నెండో తరగతి చదివిన చోటే నిర్ణయాత్మకం. ప్రతి ఎన్ఐటీలోనూ సగం సీట్లు సొంత రాష్ట్రం వారికి ఉంటాయి, ఆ సొంత రాష్ట్రాన్ని పన్నెండో తరగతి పరీక్ష ఎక్కడ పాసయ్యారన్నదాన్ని బట్టి నిర్ణయిస్తారు. పుట్టిన ఊరితోనూ మాతృభాషతోనూ దానికి నిమిత్తం లేదు. ఇక్కడ పాసైతే సురత్కల్, విజయవాడలో పాసైతే తాడేపల్లిగూడెం సొంత రాష్ట్రపు ఎన్ఐటీలవుతాయి. చాలామంది ఆంధ్ర తల్లిదండ్రులు ఇప్పటికీ వరంగల్‌ను లెక్కలో వేసుకుంటున్నారు గానీ, అది తెలంగాణ విద్యార్థులకు సొంత రాష్ట్రపు సంస్థ. ఐఐటీలలో ఇటువంటి రాష్ట్రాల కోటా లేదు.

కట్టిన పదివేల రూపాయలు తిరిగి ఇవ్వమని కళాశాలను అడగండి. ఇవ్వకపోతే వదులుకోండి. పదివేలు పోతాయన్న బాధతో రెండేళ్ళ చదువును, ఒక రాష్ట్రంలోని అర్హతను పణంగా పెట్టిన కుటుంబాలను నేను చూశాను. ఇంకొక మాట కూడా అడుగుతాను, నొచ్చుకోకండి. ఇంత పెద్ద ఉత్తరంలో హాస్టలుకు వెళ్ళడం అబ్బాయికి ఇష్టమో కాదో మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు. పదిహేనేళ్ళ పిల్లవాడు ఉదయం ఐదు గంటల నుంచి రాత్రి స్టడీ అవర్స్ వరకు గడపబోయే చోటు గురించి, అడ్వాన్సు కట్టే ముందు అతనితో ఒకసారి మాట్లాడి ఉండవలసింది.

ఇక ఏఐ-ఎంఎల్. దీని గురించి నా సందేహాలను దాచుకోకుండా చెబుతాను. 2004లో బయోకాన్ అనే బయోటెక్ కంపెనీ షేర్లు మార్కెట్‌కు వచ్చిన రోజుల్లో ఇదే బెంగళూరులో బయోటెక్నాలజీ బీటెక్ అంటే ఇంతటి మోజే ఉండేది. ఆ శాస్త్రం అబద్ధం కాలేదు, దాని ప్రాధాన్యం పెరిగిందే గానీ తగ్గలేదు. కానీ ఆ పేరుతో తెరిచిన చాలా బీటెక్ తరగతుల నుంచి వచ్చిన పిల్లలకు ఆ రంగంలో పని దొరకలేదు, ఎందుకంటే ఆ పనికి పైచదువులు, ప్రయోగశాలలు, ఓపిక కావలసి వచ్చాయి. ఏఐ విషయంలోనూ శాస్త్రానికి ఢోకా లేదు. నా అనుమానమంతా బోర్డు మీది పేరుతోనే. ఐఐటీ హైదరాబాద్ ఈ పేరుతో బీటెక్ మొదలుపెట్టింది 2019లో. అంటే ఈ డిగ్రీ మీ అబ్బాయి కంటే కూడా చిన్నది. 2024-25 నుంచి సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ, ప్రమాణాలు పాటిస్తున్న కళాశాలలకు సీట్ల గరిష్ఠ పరిమితిని ఎత్తివేసింది. సీట్లు పెంచడానికి ఒక అనుమతి పత్రం చాలును, వాటిలో కూర్చున్న పిల్లలకు ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా చక్కగా చెప్పగలిగిన అధ్యాపకులు మాత్రం అంత సులభంగా దొరకరు.

బెంగళూరు కళాశాలల్లో చాలా వరకు వీటీయూకు (విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయానికి) అనుబంధంగా ఉన్నవే. వీటీయూ పాఠ్యప్రణాళికలు ఎవరైనా చూసుకోవచ్చు. ఒక ఆదివారం కంప్యూటర్ సైన్సు, ఏఐ-ఎంఎల్ బ్రాంచిల పాఠ్యప్రణాళికలను పక్కపక్కన పెట్టుకుని సెమిస్టరు తర్వాత సెమిస్టరు చదవండి. మొదటి రెండేళ్ళలో తేడా ఎంత స్వల్పమో మీకే కనిపిస్తుంది. స్వయంప్రతిపత్తి గల కళాశాల అయితే ఆ కళాశాల ప్రణాళికను తీసుకోండి. ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్, డేటాబేసులు పూర్తి కోర్సులుగా ఉన్నాయా, లేక కొత్త పేర్లకు చోటివ్వడానికి వాటిని కుదించారా అన్నది చూడండి. ఇది నేను చెప్పనవసరం లేదు, ఆ పని చేసి జీతం తీసుకుంటున్నది మీరే. మీ బృందంలోకి ఇంటర్వ్యూలు చేసినప్పుడు అభ్యర్థి డిగ్రీ మీద ఏ బ్రాంచి పేరుందో చూసి ఎంతమందిని తీసుకున్నారు? ఆఫీసులో మీరు ఒక్కసారి కూడా పట్టించుకోని పేరుకు, ఇంటికి వచ్చాక స్థలం అమ్మి డబ్బు కడతానంటున్నారు.

ఆ స్థలం అమ్మవద్దు. సీటు కోసం అదనంగా కట్టించుకునే క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ 1984లోనే చట్టం చేసిన రాష్ట్రమిది. అయినా ప్రతి వేసవిలో మధ్యవర్తుల ఫోన్లు ఎలా మోగుతాయో ఈ ఊళ్ళో ఉంటున్న మీకు తెలియనిది కాదు. రెండేళ్ళ తర్వాత అబ్బాయి ర్యాంకు, అప్పటి కళాశాలలు, అన్నిటికంటే ముఖ్యంగా అప్పటికి వాడి ఇష్టం ఏమిటో తెలియకుండా డబ్బును ఒక బ్రాంచికి రాసిచ్చేయడాన్ని నేను ముందుచూపు అనలేను. ఇంట్లో స్థలం అమ్మకం మాట ఒకసారి వినబడితే, ప్రతి వారాంతపు పరీక్షలోనూ పిల్లవాడికి ఆ స్థలమే కళ్ళముందు కనబడుతుంది.

మీరడిగిన పోలిక క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే నాలుగింటికీ సిలబస్ చాలా వరకు ఒకటే. మీకు ప్రధానమైనది కర్ణాటక సీఈటీ. ఇంజినీరింగు ర్యాంకులో సగం వెయిటేజీ పన్నెండో తరగతి ఫిజిక్స్, కెమిస్ట్రీ, లెక్కల మార్కులకు ఉంటుంది గనుక, స్కూలు చదువును పక్కన పెట్టించే కోచింగు మీకు నష్టం. జేఈఈ ద్వారా ఎన్ఐటీలలో చేరడానికి కూడా పన్నెండో తరగతిలో 75 శాతం గానీ, బోర్డులో పై 20 పర్సంటైల్‌లో స్థానం గానీ కావాలి. కామెడ్‌కె ఇక్కడి ప్రైవేటు కళాశాలల్లోని మరో వాటా సీట్లకు దారి. ఫీజు సీఈటీ సీటు కంటే బాగా ఎక్కువ. ఈఏపీసెట్ రాయించండి, అయితే 15 శాతంలోనే పోటీ అని గుర్తుంచుకుని రాయించండి. పీయూసీయా (కర్ణాటకలో ఇంటర్‌కు పేరు) సీబీఎస్‌ఈయా అన్నది వాడికి అలవాటైన పద్ధతిని బట్టి నిర్ణయించుకోవచ్చు, దాని గురించి నిద్ర పోగొట్టుకోవలసిన అవసరం లేదు.

నిజంగా ముందుగా చూసుకోవలసినవి తేదీలూ కాగితాలూ. బోర్డు పరీక్షలయ్యాక దరఖాస్తులు పెట్టవచ్చని చాలామంది అనుకుంటారు. జేఈఈ మెయిన్ మొదటి విడత జనవరిలో జరుగుతుంది, దాని దరఖాస్తులు అంతకు ముందే శీతకాలంలో ముగుస్తాయి. న్యాయవిద్యకు క్లాట్ డిసెంబరులో, డిజైన్‌కు యూసీడ్ జనవరిలో ఉంటాయి. పన్నెండో తరగతి దసరా నాటికి ఏవేవి రాయాలో తేలిపోవాలి.

కాగితాలలో మన తెలుగువాళ్ళకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఇంటిపేరు. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో వెనక, స్కూలు రికార్డులో ఒక్క అక్షరంగా ఉన్న పిల్లలు ప్రతి ఏడాదీ వస్తారు. అన్ని దరఖాస్తులకూ పదో తరగతి ధ్రువపత్రమే మూలం. అది అచ్చయ్యాక దిద్దించడం కష్టం కాబట్టి, ఈ వారమే స్కూలుకు వెళ్ళి బోర్డుకు పంపిన వివరాలలో వాడి పేరు, మీ పేరు, పుట్టిన తేదీ సరిచూసుకోండి. తర్వాత స్టడీ సర్టిఫికెట్లు. ఇక్కడ కన్నడంలో వ్యాసంగ ప్రమాణ పత్ర అంటారు. అతను ఐదో తరగతి నుంచి ఎన్ని స్కూళ్ళు మారితే అన్నింటి నుంచీ తీసుకుని, బీఈఓ (బ్లాక్ విద్యాధికారి) సంతకం చేయించాలి. స్కూలు మూతపడ్డాక ఆ కాగితం కోసం తిరగడం ఎంత కష్టమో అనుభవించినవారికే తెలుసు. రిజర్వేషన్ వర్తించే కుటుంబమైతే, సొంత రాష్ట్రపు ధ్రువపత్రం కేంద్ర సంస్థలలో చెల్లుతుంది గానీ, వలస వచ్చినవారికి కర్ణాటక కోటాలో సాధారణంగా పనికిరాదు.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఆకర్షించినది, మీరు దారినపోతూ రాసినట్లు రాసిన ఆ ఒక్క వాక్యం: లెక్కలంటే ఇష్టం, కెమిస్ట్రీ అంటే పడదు. మీరున్న ఊళ్ళోనే, మైసూరు రోడ్డు మీద ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్‌ఐ) కేంద్రం ఉంది. అక్కడ బీమ్యాథ్ అనే లెక్కల డిగ్రీ చెబుతారు. ఆ సంస్థ సొంతంగా నిర్వహిస్తూ వచ్చిన ప్రవేశ పరీక్షలో ఉండేవి లెక్కలు మాత్రమే. చెన్నై దగ్గర సిరుసేరిలోని చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌లో లెక్కలూ కంప్యూటర్ సైన్సూ కలిపి బీఎస్సీ ఉంది, దానికీ వేరే పరీక్ష ఉంది. ఐఐఎస్‌సీలో (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో) జేఈఈ అడ్వాన్స్‌డ్ ద్వారా చేరే మ్యాథమెటిక్స్ అండ్ కంప్యూటింగ్ బీటెక్ 2022 నుంచి నడుస్తోంది. మెషీన్ లెర్నింగ్ అని మీరు ముచ్చటపడుతున్నదానికి అసలు పునాది అటువంటి చదువే. ఇవి సులభమైనవని నేను అనడం లేదు, అతను వీటిలోనే చేరాలనీ అనడం లేదు. పదో తరగతి పరీక్షలు అయిపోయాక ఒక రోజు ఐఎస్‌ఐ పాత ప్రశ్నపత్రం ఒకటి వాడి ముందు పెట్టి, మార్కులు లెక్కించనని ముందే మాటిచ్చి, మీరు పక్క గదిలోకి వెళ్ళండి. ఇప్పుడు ఒకటి రెండు లెక్కల కంటే ఎక్కువ రాకపోవచ్చు. అయినా ఎంతసేపు ఆ కాగితాన్ని వదలకుండా కూర్చున్నాడో చూసి నాకు రాయండి, బ్రాంచి సంగతి అప్పుడు మాట్లాడుకుందాము.