డకోటా టెరిటరీ (అమెరికాలో అప్పటికి రాష్ట్ర హోదా రాని ప్రాంతం) పాత రైల్వే పటంలో రంగు వేసిన పట్టీ అంతా రైల్వే కంపెనీ భూమేనా?

కాదు, ఆ పట్టీ కంపెనీకి భూమి దక్కగల పరిధిని మాత్రమే చూపుతుంది. అందులో కంపెనీకి కేటాయించినవి బేసి సంఖ్యల సెక్షన్లే. సెక్షన్ అంటే సంఖ్య ఇచ్చి విభజించిన చదరపు మైలు భూమి, 640 ఎకరాలు. 1889లో ఉత్తర, దక్షిణ డకోటా రాష్ట్రాలు ఏర్పడక ముందు, జనం పలచగా ఉన్న ఆ ప్రాంతానికి రైలుమార్గం రప్పించేందుకు అమెరికా ప్రభుత్వం భూమిని ప్రోత్సాహకంగా ఇచ్చి, రైలు రాకతో విలువ పెరుగుతుందన్న అంచనాతో సరి సంఖ్యల సెక్షన్లను తన వద్దే ఉంచుకుంది.

ఉదాహరణకు, 1864 చట్టం నార్తర్న్ పసిఫిక్ కంపెనీకి టెరిటరీలలో ప్రతి మైలు మార్గానికి ఒక్కొక్క వైపున 20 సెక్షన్లు ప్రకటించింది. ఒకటి విడిచి ఒకటి లెక్కించాలి కనుక పట్టీ ఒక్కో వైపు 40 మైళ్ల వరకు విస్తరించింది.

చదరంగపు గళ్లలాంటి ఈ పంపకాన్ని చిన్న పటంలో ఒకే రంగుతో నింపడం వల్లే మొత్తం కంపెనీదేనన్న అపోహ బలపడింది. నిజానికి బేసి సెక్షన్లలోనూ అప్పటికే ఇతరులకు హక్కులున్నవి కంపెనీకి దక్కలేదు.